తెల్ల పొడి సంచి మీద ఏం రాసి ఉందో ముందు చూడండి

ప్రశ్న: అక్కా, మాది రేణిగుంట దగ్గర పల్లె. పేరు వేయొద్దు. మా ఇంటాయనకు 34 ఏళ్లు. నాలుగేళ్లుగా పీవీసీ పైపుల ఫ్యాక్టరీలో మిక్సింగ్ సెక్షన్‌లో పని. పొడి సంచులు కోసి మిషన్‌లో పోయడం, కలిపింది పైపు మిషన్లకు అందించడం. ఏడాదిగా కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. మూడు నాలుగు రోజులకోసారి గానీ విరేచనం కాదు. గ్యాస్ అని మాత్రలిచ్చారు. స్కానింగ్, ఎండోస్కోపీ రెండూ నార్మల్ అన్నారు. రక్తం తక్కువుందని టానిక్ రాశారు. కీళ్ల నొప్పులు, నీరసం, చిన్న మాటకే కోపం. తెలిసినాయన ఏదో భస్మం ఇస్తే అదీ తింటున్నాడు. ఫ్యాక్టరీలో కరెంటు పోయి వచ్చినప్పుడు గొంతు మండే పొగ వస్తుందట. దుమ్ముకు విరుగుడని రోజూ బెల్లం ముక్క, అరటిపండు ఇస్తారు. ఇంటికొచ్చాక చొక్కా దులిపితే తెల్లగా పొడి రాలుతుంది. నాకు ఐదో నెల. మూడేళ్ల బాబున్నాడు. ప్లాస్టిక్ పనిలో క్యాన్సర్ వస్తుందని అందరూ భయపెడుతున్నారు. విశాఖలో గ్యాస్ లీకైనట్టు ఇక్కడా జరుగుతుందా? పని మానేయమంటే ఆయన వినడు. కాంట్రాక్టరు కింద 17 వేల జీతం, ఈఎస్ఐ కోస్తారు గానీ కార్డు ఎప్పుడూ చూడలేదు. ఖాళీ సంచులు ఇంటికి తెస్తే శనక్కాయలు ఎండబోసుకుంటాం, అది కూడా తప్పేనా? ఇంకో మాట, మా ఇంటి నీళ్ల పైపులూ ఆ ఫ్యాక్టరీవే. ఆ నీళ్లు తాగొచ్చా?

సమాధానం:

చెల్లెమ్మా, క్యాన్సర్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ సంచుల మాట. వాటిని ఈ రోజే ఇంట్లోంచి తీసేయండి. మీరు కాదు, మీ ఆయన తీయాలి. దులపకుండా నీళ్లు చల్లి, తడిగా ఉండగానే మడిచి, పెద్ద కవర్లో కట్టి ఫ్యాక్టరీకే తిరిగి ఇచ్చేయమనండి. పొయ్యిలో వేయొద్దు, పెరట్లో తగలబెట్టొద్దు. వాటి మీద ఎండబోసిన శనక్కాయలు పిల్లాడి చేతికి ఇవ్వకండి. గింజ లోపలే ఉంటుంది నిజమే, కానీ పొట్టు మీది పొడి చేతికి అంటుతుంది, ఆ చెయ్యి నోట్లోకి పోతుంది. మూడేళ్ల పిల్లలు కాయను పళ్లతోనే కొరికి ఒలుస్తారని మీకు నేను చెప్పక్కర్లేదు.

ఎందుకింత కంగారంటే, మీ ఆయన లక్షణాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు మొదట తట్టేది సీసం. బ్యాటరీల్లో వాడే లెడ్డే. ఉత్తరం చదివి జబ్బు తేల్చేయడం తప్పు, నేను తేల్చడం లేదు. కానీ మెలిపెట్టే కడుపు నొప్పి, మలబద్ధకం, రక్తహీనత, కీళ్ల నొప్పులు, చిరాకు ఇవన్నీ కలిసి, స్కానింగ్‌లో ఏమీ కనబడక, మనిషి పీవీసీ మిక్సింగ్‌లో పనిచేస్తున్నాడంటే, సీసం పరీక్ష చేయించకుండా గ్యాస్ మాత్రలతో ఏడాది గడిపేయడం సరికాదు. ఆ డాక్టర్ల తప్పు కూడా పూర్తిగా కాదు. ‘ఏం పని చేస్తావు’ అని అడిగితే ‘ప్లాస్టిక్ కంపెనీ’ అని చెప్పి ఉంటాడు. ఆ మాటతో ఎవరికీ ఏమీ తెలియదు.

పైపుల ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ పొడి ఒక్కటే కాదు, ఇంకా చాలా కలుస్తాయి. పీవీసీకి ఒక బలహీనత ఉంది. దాన్ని కరిగించి పైపుగా లాగేంత వేడికి తీసుకెళితే అది విడిపోవడం, మాడిపోవడం మొదలవుతుంది. అలా కాకుండా ఆపడానికి స్టెబిలైజర్ అనే పొడి కలపాలి. మన దేశంలో ఎన్నో ఏళ్లుగా అందుకు వాడింది సీసం లవణాలే. చవక, బాగా పనిచేస్తాయి. మీ ఆయన్ను అడగండి, ‘టీబీఎల్ఎస్’, ‘డీబీఎల్ఎస్’, ‘ఎల్ఎస్’ అనే మాటలు వెంటనే గుర్తుపడతాడు. టీబీఎల్ఎస్ అంటే ట్రైబేసిక్ లెడ్ సల్ఫేట్. తక్కినవి రెండూ లెడ్ స్టియరేట్ రకాలు. మూడూ తెల్లటి మెత్తటి పొడులే, చూపుకు సుద్దపొడిలా ఉంటాయి. కాల్షియం కార్బొనేట్ కూడా తెల్లపొడే, అది పెద్ద ప్రమాదం కాదు. అందుకే ‘తెల్ల పొడి’ అంటే సరిపోదు, సంచి మీద ఏం రాసి ఉందో కావాలి. రేపు డ్యూటీలో ప్రతి రకం సంచి మీది అక్షరాలు ఫోన్లో ఫోటో తీసుకోమనండి. ఫోన్లు లోపలికి రానివ్వకపోతే చిన్న చీటీ మీద రాసుకోమనండి. డాక్టరు దగ్గరికి స్కానింగ్ ఫైలు కంటే ముందు ఆ చీటీ వెళ్లాలి.

పీవీసీ పైపుల్లో సీసం స్టెబిలైజర్లకు అడ్డుకట్ట వేయడానికి కేంద్రం 2021లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. వాటి బదులు కాల్షియం-జింక్, టిన్ రకాలు ఉన్నాయి. ‘మేం లెడ్ మానేశాం, ఇప్పుడంతా కాల్షియం-జింకే’ అని సూపర్‌వైజర్ అనవచ్చు. నిజమే కావచ్చు. అప్పుడు ఇంకో ప్రశ్న అడగాలి: స్క్రాప్ ఆడిస్తున్నారా? పాత పైపులు, విరిగిన ఫిట్టింగులు గ్రైండర్లో వేసి పొడి చేసి మళ్లీ కలుపుతుంటే, ఆ పాత పైపులో ఉన్న సీసం ఎక్కడికీ పోలేదు. దుమ్ములోకి మళ్లీ వస్తుంది. కొత్త సంచి మీద లెడ్ అని లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదు.

ఇప్పుడు పరీక్ష. పేరు ‘బ్లడ్ లెడ్’. చేతి నరం నుంచి రక్తం తీస్తారు. చాలా ల్యాబుల్లో అక్కడికక్కడ చేయరు, రక్తం తీసి పెద్ద నగరంలోని ల్యాబుకు పంపుతారు, రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. డ్యూటీ దిగి నేరుగా ల్యాబుకు వెళ్లొద్దు. స్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని, రక్తం తీసే చోట సబ్బుతో కడుక్కుని వెళ్లాలి. చర్మం మీద ఉన్న దుమ్ము సూదితోపాటు ట్యూబులోకి పోతే అంకె తప్పు వస్తుంది. మూత్రం పరీక్ష, వెంట్రుకల పరీక్ష అని ఎవరైనా చెబితే డబ్బులు దండగ. దీంతోపాటు మామూలు రక్త పరీక్ష, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), బీపీ చూపించండి. సీసం ఎక్కువ కాలం ఒంట్లో ఉంటే బీపీ పెరుగుతుంది, కిడ్నీల మీద పడుతుంది. తిరుపతిలో స్విమ్స్, రుయా ఉన్నాయి. చిత్తూరు వైపు బంధువులుంటే వాళ్లు ఎలాగూ ‘రాయవేలూరు సీఎంసీకి పోండి’ అంటారు, అదీ మంచిదే. ఎక్కడికి వెళ్లినా జనరల్ మెడిసిన్ డాక్టరుకు చూపించి, మొదటి వాక్యంగా ఇది చెప్పండి: ‘పైపుల ఫ్యాక్టరీలో నాలుగేళ్లుగా లెడ్ పొడి కలుపుతున్నాడు, బ్లడ్ లెడ్ చూడాలి’.

రిపోర్టులో అంకె డెసిలీటరుకు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. సీసానికి ‘ఇంత వరకు ఫర్వాలేదు’ అనే సురక్షిత హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 5 గానీ, అంతకు మించి గానీ ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ఆ సంస్థ 2021 మార్గదర్శకాల్లో చెప్పింది. పెద్దవాళ్లలో ఇలా కడుపు నొప్పి, మలబద్ధకం కనబడేది సాధారణంగా 40 పైబడ్డాక. అంటే మీ ఆయనకు 6 వచ్చిందనుకోండి, కడుపు నొప్పికి కారణం సీసం కాకపోవచ్చు, డాక్టరు వేరే వైపు వెతకాలి. 50, 60 వచ్చిందంటే కారణం దొరికినట్టే, ఆ క్షణం నుంచి ఆ సెక్షన్‌లో అడుగు పెట్టకూడదు. దీంట్లో మొహమాటానికి చోటు లేదు.

వైద్యంలో ముఖ్యమైనది దుమ్ముకు దూరం చేయడమే. రక్తంలో ఉన్న సీసం, కొత్తగా లోపలికి పోకపోతే, దాదాపు నెలకు సగం చొప్పున తగ్గుతూ వస్తుంది. కానీ ఒళ్లు సీసాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. అక్కడున్న దాంట్లో సగం పోవడానికే పదేళ్లు, ఇరవయ్యేళ్లు కూడా పడుతుంది, కొంచెం కొంచెంగా మళ్లీ రక్తంలోకి వస్తూ ఉంటుంది. అందుకే ఒకసారి తగ్గిందని వదిలేయకుండా కొన్ని నెలలు మళ్లీ మళ్లీ పరీక్ష చేయిస్తారు. సీసాన్ని పట్టి మూత్రంలోకి తోసే మందులున్నాయి, కీలేషన్ అంటారు. అంకె బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకు, లక్షణాలను బట్టి, ఆసుపత్రిలో డాక్టర్ల కనుసన్నల్లో ఇచ్చే మందులవి. ఆ మందు వాడుతూ మళ్లీ అదే దుమ్ములోకి పోవడం మాత్రం చాలా చెడ్డది. ఒంట్లో విషం కడిగేస్తుందని ‘డీటాక్స్’ పేరుతో ఎవరైనా బాటిల్లో పోసి అమ్మితే కొనకండి.

ఆ భస్మం ఆపేయమనండి. ఆయుర్వేదం మీద నాకు పేచీ లేదు. కానీ నాగభస్మం తయారయ్యేది సీసంతోనే. పేరు తెలియని భస్మాల్లో సీసం, పాదరసం ఉండటం ఎన్నోసార్లు బయటపడింది. తినగా మిగిలిన పొట్లం పారేయకుండా డాక్టరుకు చూపించండి. అసలు సీసం ఫ్యాక్టరీ నుంచి వస్తోందా, పొట్లంలోంచి వస్తోందా, రెండిట్లోంచీనా అన్నది తేలాలి కదా.

బెల్లం గురించి అడగకపోయినా చెప్పాలి. దుమ్ములో పనిచేసేవాళ్లకు బెల్లం, అరటిపండు పంచడం మన దగ్గర చాలాచోట్ల ఉన్న అలవాటు. తినడంలో తప్పు లేదు, ఆకలి తీరుతుంది. కానీ బెల్లం సీసాన్ని కడిగేయదు, ఊపిరితిత్తుల్లో దుమ్మును లాక్కురాదు. పైగా సంచులు కోసిన చేత్తోనే ఆ ముక్క నోట్లో వేసుకుంటే, విరుగుడు అనుకున్నదే విషాన్ని లోపలికి మోసుకుపోతుంది. బీడీ, ఖైనీ అలవాటుంటే ఇదే కథ ఇంకా ఎక్కువ. సీసం పొడి మామూలు చర్మం గుండా పెద్దగా పోదు, పోయేది ముక్కు నుంచి, నోటి నుంచి. సెక్షన్ లోపల ఏమీ తినకూడదు, తాగకూడదు, బీడీ ముట్టించకూడదు. బయటికొచ్చి, సబ్బుతో మోచేతుల దాకా, గోళ్ల సందులు కూడా కడుక్కుని, నోరు పుక్కిలించి అప్పుడు తినాలి. ఇంటి నుంచి మాత్రం ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. ఖాళీ కడుపులో సీసం ఎక్కువ ఒంటబడుతుంది, ఒంట్లో ఐరన్, కాల్షియం తక్కువున్నా అంతే. పొద్దున్నే రాగి సంగటి ముద్ద, కాస్త ఆకుకూర తిని వెళ్లడం మంచిదే. రాగుల్లో కాల్షియం బాగా ఉంటుంది. ఇది మందు కాదు, అడ్డుపడే ఒక చిన్న సాయం అంతే.

ఇక మీ విషయం. ఆయన రిపోర్టు కోసం ఆగకుండా, మీరూ బాబూ కూడా ఒకసారి బ్లడ్ లెడ్ చేయించుకోండి. సీసం తల్లి రక్తం నుంచి మాయ దాటి బిడ్డకు చేరుతుంది. చిన్నపిల్లల్లో తక్కువ మోతాదే చదువు మీద, మాట మీద, ఏకాగ్రత మీద ప్రభావం చూపుతుంది. మీకు టెన్షన్ పెట్టాలని కాదు ఇది. చొక్కా దులిపింది మీరు కాబట్టి చెబుతున్నాను. మీకు చెకప్‌లో ఇచ్చే కాల్షియం, ఐరన్ మాత్రలు మానకుండా వేసుకోండి, రెండూ ఒకే పూట కలిపి కాదు. కాల్షియం తక్కువైతే గర్భిణి ఎముకల్లోంచి అది బయటికొస్తుంది, దాంతోపాటు దాగి ఉన్న సీసమూ వస్తుంది. మీ గైనకాలజిస్టుకు ‘మా ఇంటాయన లెడ్ దుమ్ములో పనిచేస్తాడు’ అని చెప్పి కార్డు మీద రాయించుకోండి.

చొక్కా ఇంక ఎప్పుడూ దులపకండి. అసలు ఆయన డ్యూటీ బట్టలు మీరు ముట్టుకోవద్దు, ఆయనే ఉతుక్కోవాలి. ఎలాగో చెబుతాను. ఫ్యాక్టరీలో స్నానం చేసే వసతి ఉంటే అక్కడే స్నానం చేసి, వేరే బట్టలు కట్టుకుని బయల్దేరాలి. లేదంటే ఇంటి గడప దాటకముందే, బయటి కొళాయి దగ్గర తల కూడా తడిసేలా స్నానం. తీసిన బట్టలు అక్కడే బకెట్లో నీళ్లలో మునిగేలా వేయాలి, ఎండుగా ఉన్నప్పుడు విదిలించకూడదు. వాటిని ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకుండా ఉతికి, ఆ నీళ్లు పిల్లాడు ఆడే చోట, కూరమళ్లలో పోయకుండా పారబోయాలి. చెప్పులు బయటే. ఆయన బండి దిగగానే బాబు పరిగెత్తుకుంటూ వెళ్లి కాళ్లు చుట్టేస్తాడు కదా, స్నానం అయ్యే వరకు వాణ్ని మీరు లోపలే ఆపాలి. కొన్నాళ్లు ఏడుస్తాడు, అలవాటవుతుంది. బండి సీటు, ట్యాంకు, టిఫిన్ డబ్బా సంచి తడిగుడ్డతో తుడవాలి. ఇల్లు చీపురుతో ఊడిస్తే పొడి గాల్లోకి లేస్తుంది, తడిగుడ్డ పెట్టండి. ఆ పని కూడా ఈ నాలుగు నెలలు మీరు కాకుండా అత్తమ్మో ఆడపడుచో చేస్తే మేలు.

ఫ్యాక్టరీలో మారాల్సింది చాలా ఉంది. గుడ్డ మాస్కు, తువ్వాలు సీసం దుమ్మును ఆపవు. కనీసం ఎన్-95, ముఖానికి అంటుకుని కూర్చునేది కావాలి. గడ్డం ఉంటే పక్కల నుంచి దుమ్ము పోతుంది. సంచి కోసి ఎత్తి కుమ్మరించే చోట, ఆ నోటి దగ్గరే దుమ్మును లాగే ఎగ్జాస్ట్ ఉండాలి. గోడకు ఎక్కడో ఉన్న ఫ్యాను కాదు. డ్యూటీ అయ్యాక కంప్రెసర్ గాలి పైపుతో ఒంటి మీది దుమ్ము కొట్టుకోవడం ఈ షెడ్లలో మామూలు విషయం. అంతకంటే చెడ్డ పని లేదు, ఒంటి మీదున్నదంతా ఊపిరి ఎత్తుకు లేస్తుంది. నేలనైనా ఎండుగా ఊడవకూడదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు గొంతు మండే పొగ సంగతి వేరు, అది సీసం కాదు. మిషన్ ఆగిపోతే బ్యారెల్లో (పొడిని కరిగించే గొట్టం) వేడిగా ఉన్న పీవీసీ కదలకుండా అక్కడే మాడుతుంది. మాడిన పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ అనే గ్యాస్ వస్తుంది. తడి తగిలితే అదే హైడ్రోక్లోరిక్ యాసిడ్, మనం బాత్రూములు కడగడానికి తెచ్చే యాసిడ్ ఇదే. కళ్లలో, గొంతులో, ఊపిరితిత్తుల్లో ఉండే తడి మీద అది మండుతుంది. మళ్లీ స్టార్ట్ చేయగానే డై (పైపు బయటికొచ్చే అచ్చు) నుంచి గోధుమ రంగు ముద్దలు పొగలు కక్కుతూ వస్తాయి, కుర్రాళ్లు దాని మీదికి వంగి పటకారుతో లాగేస్తుంటారు. ముందు ఎగ్జాస్ట్ ఆన్ చేసి, షట్టర్లు తెరిచి, పక్కకు నిలబడి తీసి, బయట నీళ్ల తొట్టిలో వేయాలి. ఈ గ్యాస్‌కు ఎన్-95 పనికిరాదు, అది దుమ్మును ఆపుతుంది గానీ గ్యాస్‌ను ఆపలేదు. యాసిడ్ గ్యాస్‌లకు వేరే కార్ట్రిడ్జ్ (గ్యాస్‌ను పట్టే చిన్న డబ్బా) ఉన్న మాస్కు ఉంటుంది. పొగ పీల్చాక దగ్గు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని గంటల తర్వాత ఊపిరి ఇబ్బంది పెరిగే అవకాశం ఉంది.

క్యాన్సర్ భయానికి వద్దాం. ఆ మాట ఊరికే పుట్టలేదు. 1974లో అమెరికాలోని లూయీవిల్‌లో, పీవీసీ తయారుచేసే ఒక ఫ్యాక్టరీ కార్మికుల్లో చాలా అరుదైన కాలేయ క్యాన్సర్ వరసగా కనబడింది. కారణం వినైల్ క్లోరైడ్ గ్యాస్. దాంతోనే పీవీసీ పొడి తయారవుతుంది. ఆ గ్యాస్ ఉండే ట్యాంకుల్లోకి దిగి గోకి శుభ్రం చేసేవాళ్లు అక్కడి పనివాళ్లు. వినైల్ క్లోరైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని అప్పటి నుంచి తిరుగులేకుండా తేలింది. అయితే మీ ఆయన ఫ్యాక్టరీ పీవీసీని తయారుచేయదు, తయారైన పొడిని సంచుల్లో కొని పైపులు లాగుతుంది. ఆ పొడిలో మిగిలే గ్యాస్ అతి స్వల్పం. కాబట్టి ఆ క్యాన్సర్ పేరు చెప్పి నిద్ర మానుకోకండి. సీసం సమ్మేళనాలకు కూడా క్యాన్సర్ అనుమానం ఉంది గానీ, వాటితో ముందు వచ్చే ముప్పు నరాలకు, రక్తానికి, కిడ్నీలకు, కడుపులో బిడ్డకు. మీ ఆయన బీడీ తాగేవాడైతే క్యాన్సర్ లెక్కలో అదే ముందు నిలబడుతుంది.

విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7న లీకైంది స్టైరీన్. పాలిస్టైరీన్ అనే వేరే ప్లాస్టిక్‌కు అది ముడిసరుకు. లాక్‌డౌన్‌లో పెద్ద ట్యాంకులో నిల్వ ఉండి, వేడెక్కి ఆవిరై ఊరి మీద పడింది. పీవీసీ పైపుల షెడ్లో అలాంటి ట్యాంకు ఉండదు, ఆ ప్రమాదం అక్కడ లేదు. ఇక్కడి ప్రమాదం రోజుకింత చొప్పున లోపలికి పోయేది, కాబట్టే ఎవరూ పట్టించుకోరు.

ఈ జవాబు వేరే ప్లాస్టిక్ పనుల్లో ఉన్నవాళ్లూ చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. కవర్ల మీద ప్రింటింగ్ చేసేవాళ్లకు ఇంకులో టోలుయిన్ లాంటి సాల్వెంట్లతో తలనొప్పి, మత్తు, కళ్లు తిరగడం వస్తాయి. ఫైబర్ ట్యాంకులు, బోట్లు చేసేచోట స్టైరీన్. ఫోమ్ పరుపుల తయారీలో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఆస్తమా తెస్తాయి. డ్యూటీ రోజుల్లో సాయంత్రాలు, రాత్రుళ్లు దగ్గు, పిల్లికూతలు వచ్చి, సెలవు పెడితే తగ్గుతున్నాయంటే అది గుర్తు. డ్రిప్ పైపులు చేసేచోట నల్ల పొడి కార్బన్ బ్లాక్, దానికి కూడా దుమ్ము మాస్కు తప్పదు.

పని మానేయాలా అన్నారు. ఇప్పుడే వద్దు, ఈ వారం వద్దు. రేపు మానేస్తే చేతిలో కాగితం ముక్క ఉండదు, రిపోర్టు తర్వాత ఎంత వచ్చినా ‘మా దగ్గర వచ్చింది కాదు’ అంటారు. ముందు రక్తం ఇవ్వండి. రిపోర్టు వచ్చేలోగా మిక్సింగ్ నుంచి ప్యాకింగుకో లోడింగుకో మార్చమని సూపర్‌వైజర్‌ను అడగమనండి. స్క్రాప్ గ్రైండర్ దగ్గరికి మారిస్తే మాత్రం పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే. అంకె ఎక్కువ వచ్చి, సెక్షన్ మార్చమంటే మార్చకపోతే, అప్పుడు మానేయాల్సిందే. 17 వేలు చిన్న మొత్తం కాదని తెలుసు, అందుకే ముందు ఈఎస్ఐ సంగతి తేల్చుకోమంటున్నాను.

నెలకు 21 వేల లోపు జీతానికి ఈఎస్ఐ ఉంటుంది. కార్మికుడి వాటా 0.75 శాతం, అంటే 17 వేల మీద నెలకు 128 రూపాయలు. యాజమాన్యం 3.25 శాతం కట్టాలి. పే స్లిప్పులో ఆ కోత ఉందో చూసి, ఇన్సూరెన్స్ నంబరు కాంట్రాక్టర్‌ను అడగండి. నంబరు చెప్పలేదంటే కోసిన డబ్బు కట్టాడో లేదో అనుమానించాల్సిందే. కాంట్రాక్టరు కట్టకపోయినా బాధ్యత అసలు ఫ్యాక్టరీ యాజమాన్యానిదే, చట్టం అలాగే ఉంది. తిరుపతిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, ఆ నంబరు మీద మీకూ బాబుకూ కూడా వైద్యం ఉంటుంది. పనివల్ల వచ్చిన సీసం జబ్బును ఈఎస్ఐలో డ్యూటీలో తగిలిన దెబ్బతో సమానంగా చూస్తారు, పని చేయలేని రోజులకు జీతంలో ఎక్కువ భాగం వస్తుంది.

చాలామంది డాక్టర్లకు కూడా గుర్తుండని విషయం ఒకటి. సీసం విషం తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి జబ్బు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనూ ఉంది, దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ ఉంది. యాజమాన్యమూ తెలపాలి, వైద్యం చేసిన డాక్టరూ ఫ్యాక్టరీల తనిఖీ అధికారులకు రాయాలి. రిపోర్టులో అంకె ఎక్కువ వస్తే ‘సార్, ఫ్యాక్టరీల శాఖకు రాస్తారా’ అని మర్యాదగా అడగండి. మీ ఆయన పేరుతో ఫిర్యాదు పెట్టడానికి భయముంటే డాక్టరు రాసిన కాగితమే ఆ పని చేస్తుంది. అదే సెక్షన్‌లో ఉన్న మిగతా నలుగురైదుగురు కూడా రక్తం ఇస్తే ఇంకా మంచిది. ఒక్కడికి వస్తే ‘వాడి ఒళ్లే అంత’ అంటారు, అందరికీ వస్తే ఆ మాట అనలేరు. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లుంటే వాళ్లను కూడా కలుపుకోమనండి. ఎక్కువ సంచులు కోసేది వాళ్లే, అడిగే దిక్కు లేనిదీ వాళ్లకే. రిపోర్టుల జిరాక్సులు రెండు సెట్లు తీసి ఒకటి మీ పుట్టింట్లో పెట్టుకోండి.

రిపోర్టు వచ్చేలోపు ఆగకుండా వాంతులైనా, మనిషి తికమకగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, చెయ్యి మణికట్టు దగ్గర పట్టు తప్పి వేలాడినా, ఆలోచించకుండా 108కు ఫోన్ చేసి ఎమర్జెన్సీకి వెళ్లండి.

చివరగా నీళ్ల పైపులు. సీసం కలిపిన పీవీసీ పైపులోంచి నీళ్లలోకి సీసం కొంత వస్తుంది, ముఖ్యంగా పైపు కొత్తగా ఉన్నప్పుడు. మీ ఆయన ఒంట్లోకి పోయే దుమ్ముతో పోలిస్తే ఇది తక్కువే. తాగేది క్యాన్ నీళ్లయితే అవే తాగండి, కానీ అన్నం, పప్పు వండే నీళ్లు కూడా లెక్కే. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు పొద్దున మోటారు వేయగానే మొదట గిన్నెలు తోమడానికి, ముంగిట చల్లడానికి వదిలేసి, తర్వాత వచ్చేవి వంటకు పట్టండి. కాచితే సీసం పోదు. పైపులు వేసి ఎన్నాళ్లయిందో మీరు రాయలేదు. ఏడాది లోపువైతే, ముగ్గురి రక్తం పరీక్షతోపాటు ఒక సీసా నీళ్లు కూడా ల్యాబుకు ఇచ్చి సీసం చూడమనండి. పొద్దున మొదటగా వచ్చిన నీళ్లనే పట్టివ్వాలి.